తూము నుంచి సేఫ్టీ వాల్వు దాకా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. చేతకాలేదు. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని, ఐ.టి.ఐ.లో ఫిట్టర్ చేసి, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్ల దగ్గర పనిచేసినవాడిని. నాకు తెలిసింది వాల్వులే. వాటి గురించే రాస్తున్నాను.

నిజానికి నా మొదటి వాల్వు పాఠం హాస్టల్‌లోనే జరిగింది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నీళ్ళ ట్యాంకు కింద ఉన్న వాల్వు కారుతుంటే, చక్రంలో ఇనుప రాడ్డు దూర్చి నలుగురం కలిసి బిగించాము. కారడం ఆగలేదు కానీ లోపలి స్పిండిల్ విరిగింది. రెండు రోజులు హాస్టలంతా బోరింగు దగ్గర బకెట్లతో వరుస కట్టింది. మేము చేసిన తప్పేమిటో ఐ.టి.ఐ.లో చేరాక గానీ తెలియలేదు. అదేమిటో కింద చెబుతాను.

వాల్వు అంటే ఏమిటి?

మన ఊరి చెరువుకు తూము ఉంటుంది. నీరటికాయన దాన్ని ఎత్తితే నీళ్ళు కాలువలోకి వస్తాయి, దించితే ఆగుతాయి, సగం ఎత్తితే సగం వస్తాయి. వాల్వు చేసే పని కూడా ఇదే. పైపులో పారే నీరు, ఆవిరి, గాలి, నూనె, గ్యాస్ ఏదైనా సరే, దాన్ని వదలడం, ఆపడం, తగ్గించడం, వెనక్కి రాకుండా చూడడం, ఒత్తిడి హద్దు మీరితే బయటకు పంపడం వాల్వు పని. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్ళు చూసే ఉంటారు. ఆ కాలంలో చెరువులు తవ్వించినవారు తూములు కూడా కట్టించారు. కనుక వాల్వు ఆలోచన మనకు కొత్తదేమీ కాదు.

ముఖ్యమైన భాగాలు

1. బాడీ: బయటి ఒళ్ళు. దీనికి రెండు పక్కలా పైపుకు బిగించే ఫ్లాంజీలు గానీ మరలు గానీ ఉంటాయి. ఫ్లాంజీల నడుమ గాస్కెట్ వేస్తారు.
2. బానెట్: బాడీ మీద మూత. మరమ్మతుకు దీన్నే విప్పుతారు.
3. డిస్క్: దారిని మూసే తలుపు.
4. సీటు: ఆ తలుపు వచ్చి కూర్చునే చోటు. డిస్కుకూ సీటుకూ మధ్య చిన్న గీత పడినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు.
5. స్పిండిల్: డిస్కును పైకీ కిందికీ కదిపే కడ్డీ.
6. గ్లాండు: స్పిండిల్ బయటకు వచ్చే రంధ్రం దగ్గర కారకుండా గ్రాఫైట్ వంటి తాడు చుట్టి, పైన నట్లతో నొక్కిపెట్టే చోటు.
7. చేతి చక్రం: మనం తిప్పేది.

ఇప్పుడు మా తప్పు చెబుతాను. ఆ రోజు నీళ్ళు స్పిండిల్ చుట్టూ, అంటే గ్లాండు దగ్గర కారాయి. గ్లాండు నట్లు రెండూ సమంగా కొంచెం బిగిస్తే, లేదా కొత్త తాడు వేస్తే సరిపోయేది. మేము చక్రం బిగించి సీటు మీద బలం చూపించాము. జబ్బు ఒకచోట, మందు ఒకచోట! వాల్వు కారుతున్నప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎక్కడ కారుతోంది? గ్లాండు దగ్గరా, గాస్కెట్ దగ్గరా, సీటు దగ్గరా?

రకాలు

గేట్ వాల్వులో తలుపు తూము పలకలాగా లేస్తుంది. దీన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో ఉంచితే నీటి వేగానికి తలుపు అంచు, సీటు అరిగిపోతాయి.

గ్లోబ్ వాల్వులో దారి వంకర తిరుగుతుంది. తలుపు పైనుంచి సీటు మీదికి దిగుతుంది. ఎంత కావాలంటే అంత వదలడానికి ఇది మంచిది. బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. ప్రవాహం అటే పోయేలా బిగించాలి.

బాల్ వాల్వులో రంధ్రం ఉన్న గుండు ఉంటుంది. పావు చుట్టు తిప్పితే చాలు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

నాన్ రిటర్న్ వాల్వుకు చక్రమే ఉండదు. ఒకవైపే తెరుచుకుంటుంది. బావి మోటారు పైపు చివరన ఉండే ఫుట్ వాల్వు ఇలాంటిదే. అందులో చెత్త ఇరుక్కుంటే నీళ్ళు బావిలోకి జారిపోయి, మోటారు వేసేముందు బకెట్టుతో నీళ్ళు పోయవలసి వస్తుంది. కోదాడ వైపు రైతుబిడ్డలకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు. మన గుండెలోనూ నాలుగు కవాటాలున్నాయి. అవి చేసేదీ రక్తం వెనక్కి రాకుండా చూడడమే.

బాయిలర్ దగ్గర

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం కోసం వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మిల్లు పడతారు. ఆ ఆవిరి ఇచ్చేది బాయిలర్. దానికి మేత వడ్ల ఊకే. క్వింటా వడ్లకు దాదాపు ఇరవై కిలోల ఊక వస్తుంది.

చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి 180 డిగ్రీలు దాటుతుంది. ఆ ఒత్తిడి హద్దు మీరకుండా కాపాడేది సేఫ్టీ వాల్వు. ఒక చిన్న లెక్క చూడండి. 40 మిల్లీమీటర్ల సీటు వైశాల్యం సుమారు 12.5 చదరపు సెంటీమీటర్లు. 10 కిలోల ఒత్తిడి అంటే దాని మీద పైకి తోసే బలం 125 కిలోలు, అంటే క్వింటా పాతిక కిలోలు! అంత బలాన్నీ ఒక స్ప్రింగు అదిమిపెడుతుంది. ఒత్తిడి అంతకు మించితే స్ప్రింగు లొంగి, డిస్క్ లేచి, ఆవిరి బయటకు పోతుంది. ఎవరూ మీట నొక్కనక్కరలేదు, కరెంటు అక్కరలేదు.

నేను కొత్తగా చేరిన ఒక మిల్లులో ఓ రాత్రి సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తోంది. గేజి చూస్తే 8 కిలోలే చూపిస్తోంది. "వాల్వు పాడైంది, స్ప్రింగు బిగించు" అన్నాడు సూపర్‌వైజర్. నేను స్పానర్ తీశాను. పెద్ద అటెండెంటు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు బిడ్డా. గేజి అబద్ధమాడుతుందో వాల్వు అబద్ధమాడుతుందో చూడకుండ ముట్టకు" అన్నాడు. ఊక వేయడం ఆపించాడు. మంట తగ్గించి బాయిలర్ చల్లారాక చూస్తే గేజికి వెళ్ళే సన్న గొట్టం పాచితో పూడుకుపోయి ఉంది. అసలు ఒత్తిడి గేజికి అందడమే లేదు. నిజం చెప్పింది వాల్వే. ఆ రాత్రి నేను స్ప్రింగు బిగించి ఉంటే ఈ వ్యాసం రాయడానికి ఉండేవాడిని కాదేమో.

లోకం నేర్చుకున్న పాఠాలు

1863లో కలకత్తాలో బాయిలర్ పేలి ప్రాణనష్టం జరిగాక, 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. తర్వాత దేశానికంతటికీ 1923 చట్టం వచ్చింది. దాని స్థానంలో ఇప్పుడు 2025 బాయిలర్ల చట్టం ఉంది.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు. కంట్రోల్ రూములోని దీపం మాత్రం మూసుకున్నట్టే కనిపించింది. ఎందుకంటే ఆ దీపం మూయమనే ఆజ్ఞ వెళ్ళిందని చెబుతుందే తప్ప, వాల్వు నిజంగా మూసుకుందని చెప్పదు. అణు ఇంధనంలో చాలా భాగం కరిగిపోయింది. 2009 అక్టోబరు 29న జైపూర్ పెట్రోలు డిపోలో వాల్వులు తిప్పవలసిన వరుస తప్పడంతో పెట్రోలు బయటకు చిమ్మి, ఆవిరై, అంటుకుంది. పదకొండు మంది చనిపోయారు.

మూడు మాటలు

మన చుట్టూ రైస్ మిల్లులున్నాయి, మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మీలో కొందరైనా అక్కడ పనికి వెళతారు. అందుకే చెబుతున్నాను.

ఆవిరి వాల్వును ఎప్పుడూ మెల్లగా తెరవండి. గబుక్కున తెరిస్తే పైపులో నిలిచిన నీటిని ఆవిరి గుండులా విసిరికొడుతుంది. ఒత్తిడి ఉండగా గ్లాండు గానీ బానెట్ గానీ విప్పకండి. సేఫ్టీ వాల్వు స్ప్రింగును ఎవరు చెప్పినా బిగించకండి, దాని మీద బరువు పెట్టకండి. "చేయను సార్" అనడానికి చదువు కావాలి. ఎందుకు చేయనో చెప్పగలిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. బాయిలర్ అటెండెంటు పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోండి.

అన్నట్టు, ట్యాంకు కింద వాల్వు ఇప్పుడు ఎలా ఉందో చూడండి. కారుతుంటే రాడ్డు వెతక్కండి. ఎక్కడ కారుతోందో ముందు చూడండి.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి