యంత్రమునకు చిరునామా చెప్పుట



కంప్యూటరునకు బొమ్మలను తాకియే గాక, అక్షరములతో ఆజ్ఞలు వ్రాసియు పని చెప్పవచ్చును. అట్టి ఆజ్ఞలను వరుసగా కూర్చిన ఫైలునకు స్క్రిప్టు అని పేరు. వానిని చదివి నడిపించునది షెల్లు. లినక్సు యంత్రములలో తఱచుగా కానవచ్చు షెల్లు 1989లో వెలువడిన బాష్. దానికి వెబ్ చిరునామాను అందించుటలో గల మెలకువను నేడు మనవి చేసెదను. వ్యాకరణము చెప్పుటలో కాలము గడపిన నాకు ఇది వ్యాకరణ విషయముగనే తోచినది.

'తిరుపతికి పొమ్ము' అనినప్పుడు తిరుపతి యనగా ఊరు. 'తిరుపతి యను పదమున నాలుగక్షరములు కలవు' అనినప్పుడు ఊరు కాదు, ఆ శబ్దమే. ఈ భేదమును తెలుగున 'అను', 'అని' యనునవియు, సంస్కృతమున 'ఇతి' యనునదియు తెలుపును. షెల్లునకు ఆ పని చేసిపెట్టునది కొటేషను గుర్తు.

దృష్టాంతము చూడుడు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో తిరుపతి పుటయొక్క మూలపాఠము కావలసినచో, చిరునామా చివర 'టైటిల్=తిరుపతి&యాక్షన్=రా' అను భాగ ముండవలెను. చిరునామాలో & అనగా 'మఱియు'. షెల్లునకో, 'ఈ ఆజ్ఞ ఇంతటితో సరి. దీనిని వెనుక నడువనిచ్చి తరువాతిది చూడుము' అని యర్థము. కావున గుర్తులు లేకుండ ఈ చిరునామాను కర్ల్ అను సాధనమున కిచ్చినచో 'తిరుపతి' వఱకే దానికి అందును. మిగిలిన తునకను షెల్లు ఒక చరరాశికి విలువ నిచ్చుటగా గ్రహించి ఊరకుండును. స్క్రిప్టులో ఈ తప్పును ఎవరును చెప్పరు. కోరిన పాఠము మాత్రము రాదు.

కనుక చిరునామా నిచ్చువాడు దానిని ఒంటి కొటేషను గుర్తుల నడుమ నీయవలెను. పుచ్చుకొన్న స్క్రిప్టు, ఆ చరరాశిని వాడినప్పుడెల్ల జంట గుర్తుల నడుమ నుంచవలెను. మొదటిది తప్పినచో రెండవది ఆదుకొనజాలదు. చిరునామా వాకిట్లోనే తెగిపోయినది గదా!

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఊళ్ల పుటలను భద్రపఱచుకొనగోరు ఉపాధ్యాయునకు, పంక్తికొక చిరునామా చొప్పున ఫైలున వ్రాసి 'రీడ్' అను ఆజ్ఞతో చదివించుట సుకరము. అచట & కేవలము అక్షరమే. అయినను రెండు చిక్కులు కలవు. విండోసులో వ్రాసిన ఫైలున పంక్తి చివర కంటికి కనబడని గుర్తొకటి చిరునామాకు అంటుకొని యుండును, దానిని తొలగింపవలెను. కడపటి పంక్తిని ఎంటరు మీటతో ముగింపనిచో, సామాన్యముగా వ్రాయు లూపు దానిని విడిచిపెట్టును. ఒక యూరు లోపించును.

బ్రౌజరునుండి నకలు తీసిన తెలుగు చిరునామా % గుర్తులతో నిండి యుండుట చూచి బెదరవలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు. % పద్ధతిలో బైటుకు 3 గుర్తులు. 'తిరుపతి'లో గుణింతపు గుర్తులతో కూడ 7 సంకేతములు. కనుక 63 గుర్తులగును. దానిని దిద్దక అట్లే వాడవలెను.

తుదకొక హెచ్చరిక. పరులు పంపిన చిరునామాను 'ఇవాల్' అను ఆజ్ఞకు ఎన్నడును అప్పగింపరాదు. అది మాటను మరల ఆజ్ఞగా చదువును. చిరునామా చాటున దుర్జనుడు వ్రాసిన ఆజ్ఞ మన ఫైళ్లను తుడిచివేయవచ్చును. చిరునామా చెప్పబడిన మాటయే గాని చేయదగిన ఆజ్ఞ కాదని స్క్రిప్టు వ్రాయువారు మఱవకుందురు గాక.