బావినీరు – సూర్యశక్తి

ఓరుగల్లునకు ఏకశిలానగరమను పేరు కలదు. కోటలోని ఒంటి శిలాగుట్టనుబట్టి ఆ పేరు వచ్చినను, ఆ సీమయందలి నేల స్వభావమునుగూడ అది చక్కగా తెలుపుచున్నది. వరంగల్లు ప్రాంతమున పలుచోట్ల మట్టిపొర క్రింద కఠినమైన గ్రానైటు శిల యున్నది. ఇసుకనేలవలె ఈ శిల నీటిని విస్తారముగా ఇముడ్చుకొనజాలదు. వాననీరు శిలపై నున్న మెత్తని పొరలోను, శిలలోని పగుళ్లలోను మాత్రమే చేరి, మెల్లమెల్లగా బావిలోనికి ఊరుచుండును. ఇట్టి సీమలోనే కాకతీయుల కాలమున పాకాల, రామప్ప, లక్నవరము వంటి గొప్ప చెఱువులు నిర్మింపబడినవి. చెఱువునీరు పైరును పండించుటయేగాక, నేలలో ఇంకి దిగువనున్న బావులకు ఊటయగును.

పూర్వము ఈ బావులనుండి మోటతో నీరు తోడెడివారు. ఎద్దులు వాలుబాటలో దిగుచుండగా మోటబొక్కెన నీటితో పైకి వచ్చి కాలువలో క్రుమ్మరించెడిది. ఎద్దులు అలసినను, బావి అడుగంటినను మోట ఆగవలసినదే. రాత్రి గడచునప్పటికి ఊట మరల ఊరెడిది. ఇంత తోడవలెను, ఇంతకు మించి తోడరాదు అని ఎవరును ప్రత్యేకముగా విధింపలేదు. పశువుల బలమును, బావి ఊటయు ఆ హద్దును ఏర్పరచినవి.

విద్యుత్ మోటారు వచ్చిన పిమ్మట ఈ హద్దు తొలగెను. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చు విధానము ఏర్పడినది. అయితే ఆ సరఫరా దినమునకు కొన్ని గంటలే. అదియు ఒక్కొక్కప్పుడు నడిరేయి వచ్చెడిది. చీకటిలో పొలమునకు పోయి మీట నొక్కుట కష్టమును, ప్రమాదకరమును అగుటచే పలువురు రైతులు ఆటో స్టార్టర్లను అమర్చుకొనిరి. విద్యుత్తు వచ్చిన మరుక్షణమున అవి మోటారును తామే నడిపించును. రైతునకు నిద్ర చిక్కినది. కాని ఆ సాధనమునకు విద్యుత్తు వచ్చినదన్న ఒక్క సంగతియే తెలియును; బావిలో నీరున్నదో లేదో, మడి నిండినదో లేదో తెలియదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగింపవలసినదని ప్రభుత్వము రైతులను కోరుటకు కారణమిదియే. లేనిచో మోటార్లు రేయింబవళ్లు నడచి బావుల నెండగట్టును.

నేడు విద్యుత్ తీగ చేరని పొలములయందును, ఊరికి దూరమైన ఇండ్లయందును సూర్యశక్తితో నడచు పంపులను పెట్టుకొనవచ్చును. రైతులకు ఇట్టి పంపుల నిచ్చుటకై కేంద్రప్రభుత్వము 2019లో ‘పీఎం కుసుమ్’ పథకమును ప్రారంభించినది. ఇట్టి పంపును నడపుటలో నేర్పు మిక్కిలి అవసరము. ఏలయనగా సౌరఫలకములు ఇచ్చిన దానికన్న అధికమైన శక్తిని అరువు తెచ్చుకొనుటకు అచట వేరొక ఆధారము లేదు.

ఒక కుటుంబమునకు దినమునకు 1000 లీటర్ల నీరు కావలెననుకొందము. దానిని 30 మీటర్ల లోతునుండి పైకి తెచ్చుటకు సుమారు 2,94,000 జౌళ్ల పని చేయవలెను. ఇది యూనిట్‌లో పండ్రెండవ వంతు మాత్రమే. మోటారులోను, గొట్టములోను కలుగు నష్టములను కలుపుకొన్నను యూనిట్‌లో అయిదవ వంతు చాలును. 10 వాట్ల దీపము 20 గంటలు వెలుగుటకు పట్టు శక్తియు అంతే. అయినను చిక్కు వేరొకచోట నున్నది. సామాన్యమైన మోటారు తిరుగుట మొదలిడునపుడు, నడచునప్పటికన్న అయిదారు రెట్ల విద్యుత్ప్రవాహమును లాగును. ఆ తాకిడికి చిన్న సౌరవ్యవస్థ నిలువలేక ఆగిపోవును. కావున మోటారు వేగమును సున్ననుండి క్రమక్రమముగా పెంచు నియంత్రకము కావలెను.

ఈ నియంత్రకము మూడు విషయములను గమనింపవలెను. మొదటిది ఎండ. ఉదయమున ఎండ తక్కువ, మధ్యాహ్నమున ఎక్కువ. నడుమ మబ్బు క్రమ్మవచ్చును. నియంత్రకము ఎండను బట్టి మోటారు వేగమును హెచ్చించుచు, తగ్గించుచు నుండును. నీరు మెల్లగా పారునపుడు గొట్టములో ఒరపిడి తగ్గును. ప్రవాహము సగమైనచో ఒరపిడివలని నష్టము ఇంచుమించు నాలుగవ వంతునకు దిగును. అయితే వేగము మరీ తగ్గినచో నీరు పైకి ఎక్కనే యెక్కదు. అప్పుడు మోటారును ఊరక త్రిప్పుటకన్న ఆపుటయే మేలు.

రెండవది తొట్టి. తొట్టి నిండగానే అందులోని తేలుబంతి పైకి లేచి మోటారును ఆపివేయును. పగలు తొట్టిని నింపుకొన్న ఇంటికి రాత్రివేళ పంపుతో పని లేదు. విద్యుత్తును బ్యాటరీలో దాచి రాత్రి నీరు తోడుటకన్న, పగటియెండలోనే నీరు తోడి తొట్టిలో దాచుట చౌక. బ్యాటరీలో కొంత శక్తి నష్టమగును; కొన్నియేండ్లకు బ్యాటరీయే పాడగును.

మూడవది బావి. నీటిలో మునిగి నడచు మోటారును ఆ నీరే చల్లబరచును. నీరు తఱిగి పంపు వట్టిగా తిరిగినచో మోటారు వేడెక్కి కాలిపోవును. కావున నీటిమట్టము తగ్గగానే పంపును ఆపి, ఊట చేరువరకు వేచియుండు ఏర్పాటు అవసరము.

ఈ మూడవ విషయమున మోటబావికిని, బోరుబావికిని గల భేదము తెలియదగినది. 6 మీటర్ల వెడల్పుగల గుండ్రని బావిలో ఒక్క మీటరు లోతున సుమారు 28,000 లీటర్ల నీరు నిలుచును. 15 సెంటీమీటర్ల బోరులో అదే లోతున 18 లీటర్లయినను నిలువవు. అట్టి బోరులోనికి నిమిషమునకు 20 లీటర్ల ఊట వచ్చుచుండగా, 60 లీటర్లు తోడు పంపును దించినచో, మొదటి నిమిషముననే నీటిమట్టము 2 మీటర్లకు పైగా పడిపోవును. 20 లీటర్లు తోడు చిన్న పంపయినచో 50 నిమిషములలో 1000 లీటర్లను నిశ్చింతగా ఇచ్చును. పంపు పెద్దదైనంత మాత్రమున ఊట పెరుగదు.

సూర్యరశ్మికి వెల లేదు. నెలనెలా బిల్లు రాదు. అందుచే దినమంతయు తోడినను నష్టమేమి యని తోచవచ్చును. కాని ఒక శిల పగుళ్లలోని నీరే ఇరుగుపొరుగు బావులకును ఆధారము. ఒకరు హద్దుమీరి తోడినచో వేరొకరి బావి ఎండును. వారు మరల అప్పుచేసి లోతునకు బోరు వేయింతురు. అందు నీరు పడునన్న నమ్మకమును లేదు. భూగర్భజలమును కాపాడుటకై 2002లో ‘వాల్టా’ చట్టము చేయబడినది. చట్టమెట్లున్నను, తన బావి ఊట ఎంతయో ప్రతి కుటుంబమును ఎఱుగుట మంచిది.

దానిని తెలిసికొనుట కష్టము కాదు. నీరు తోడుట ఆపగానే, పెద్దల సహాయముతో గుర్తులుపెట్టిన త్రాటికి బరువు కట్టి బావిలోనికి దించి నీటిమట్టమును కొలువవలెను. ఒక గంట గడచిన పిదప మరల కొలువవలెను. 6 మీటర్ల బావిలో నీరు 10 సెంటీమీటర్లు పెరిగినచో, ఆ గంటలో సుమారు 2,800 లీటర్ల ఊట వచ్చినదన్నమాట. వానకాలమున ఒక పర్యాయము, వేసవిలో ఒక పర్యాయము ఇట్లు కొలిచి, తక్కువ లెక్కనుబట్టి పంపును ఎన్నుకొన్నచో, ఆ బావి నడివేసవిలోను ఇంటికి నీరిచ్చును.