గుట్ట ఎక్కే బండి

నల్లగొండ నుంచి దేవరకొండ దిక్కు పోయినా, మహబూబ్‌నగర్ నుంచి కోయిలకొండ దిక్కు పోయినా కంటికి ఆనేవి ఎర్రటి చెల్కలు, వాటి నడుమ గుట్టలు, గుట్టల నెత్తిన ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్రాళ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఇది. ఎండకూ వానకూ పొరలుపొరలుగా ఊడిపోయి ఈ రూపానికి వచ్చింది. మోటారుసైకిల్ క్రీడల్లో ఇలాంటి నేల కోసమే పుట్టిన పోటీ ఒకటుంది, ట్రయల్స్ అంటారు. అందులో వేగంతో పనిలేదు. రాళ్లు, వాగులు, బురద ఉన్న చిన్నచిన్న ముక్కలను కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు ఆనితే ఒక మార్కు, మధ్యలో చేతులెత్తేస్తే ఐదు. ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్లే విజేత.

ఈ పోటీ బండ్లు మన ఊళ్ల షోరూముల్లో దొరకవు. కానీ ఆ పోటీల్లో పేరు తెచ్చుకున్న బండి ఒకటి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. అది బులెట్.

1948లో ఇటలీలోని శాన్ రెమోలో అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ జరిగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ అప్పటికింకా అమ్మకానికి పెట్టని 350 సీసీ బులెట్ నమూనాలను అక్కడికి పంపింది. వాటి వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్, షాకబ్జర్లు ఉన్నాయి. రాళ్ల మీద నడిచే బండికి వెనక స్ప్రింగు అక్కర్లేదని, చక్రం ఫ్రేముకు గట్టిగా బిగిసి ఉంటేనే పట్టు దొరుకుతుందని ఆనాటి ట్రయల్స్ రైడర్ల గట్టి నమ్మకం. జరిగింది వేరు. బిగించిన చక్రం రాయి తగిలినప్పుడల్లా గాల్లోకి ఎగురుతుంది, గాల్లో ఉన్న టైరుకు పట్టెక్కడిది? స్ప్రింగు ఉన్న చక్రం రాయిని ఎక్కి దిగుతూ నేలను వదలదు. ఆ ఏడాది బ్రిటిష్ జట్టు గెలిచింది, బులెట్లు నడిపిన ఇద్దరికీ బంగారు పతకాలు వచ్చాయి. వాళ్లలో ఒకరు విక్ బ్రిటెన్. ఆయన కొడుకు జానీ బ్రిటెన్ 1952లోనూ 1957లోనూ స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్‌ను బులెట్ మీదే గెలిచాడు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. పుట్టిన బ్రిటన్‌లో బులెట్ తయారీ ఆగిపోయినా మన దగ్గర ఆగలేదు.

ఆ ఇంజను గుట్టకు ఎందుకు పనికొచ్చిందో చూడాలి. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 90. ఇలాంటి లాంగ్ స్ట్రోక్ ఇంజను తక్కువ తిరుగుడులోనే బలంగా లాగుతుంది. బరువైన ఫ్లైవీల్ ఆ బలాన్ని దాచిపెట్టుకుని, రాయి అడ్డం వచ్చి ఇంజను ఆగిపోబోయే క్షణంలో తిరిగి ఇస్తుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే ఫోర్‌స్ట్రోక్ ఇంజను వెనక్కి పట్టి లాగుతుంది. ఏటవాలు బండ మీద ముందు బ్రేకు గట్టిగా పట్టే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి ఈ ఇంజను బ్రేకింగే అక్కడ అసలు రక్ష. బండి మీది మనిషి బరువైనవాడైతే దాని విలువ ఇంకా ఎక్కువ.

అయినా బరువైన ఫోర్‌స్ట్రోక్‌లకు కాలం చెల్లింది. ఏరియల్ 500 మీద ఏళ్ల తరబడి గెలిచిన సామీ మిల్లర్ స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు మారి, 1965లో 250 సీసీ టూస్ట్రోక్ షెర్పా మీద స్కాటిష్ ట్రయల్ గెలిచాడు. ఆ తర్వాత తేలికైన టూస్ట్రోక్‌లదే రాజ్యం. హోండా మాత్రం ఫోర్‌స్ట్రోక్‌ను వదల్లేదు. 1973లో టీఎల్125 అనే చిన్న ట్రయల్స్ బండి తెచ్చింది. 1982, 83, 84ల్లో బెల్జియం రైడర్ ఎడ్డీ లెజ్యూన్ హోండా ఫోర్‌స్ట్రోక్ మీద వరుసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2005లో హోండా ఇంజనుతో మాంటెసా కోటా 4ఆర్‌టీ వచ్చింది. ఆ వంశపు బండ్ల మీదే టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడూ వదలకుండా ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ బండి బరువు 75 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. సీటనేది ఉండదు, నిలబడే నడపాలి. ఆదివారం పొద్దున ఇంటి నుంచి గుట్ట దాకా పోయి రావాల్సిన మనిషికి అది కుదిరే బండి కాదు.

మరి మనకు కుదిరేది ఏది? 95 కిలోల మనిషి అనుకుందాం. పోటీల ఆశ లేదు, సెలవు రోజు చెల్కల దారిన, వాగుల్లో, పరుపుబండల మీద నెమ్మదిగా తిరగాలన్న సరదా ఉంది. షోరూము కంటే ముందు అతను ఒక గీత కార్మికుణ్ని చూడాలి. కల్లు కుండలు కట్టిన ఎక్సెల్ బండి మీద చెరువు కట్ట దిగుతూ, కాళ్లు రెండూ నేలకు జానెడు ఎత్తున వేలాడేసి, ఒళ్లు వెనక్కి వాల్చి, కుండలోని కల్లు తొణక్కుండా వస్తాడు. టీవీఎస్ ఎక్సెల్ 2015 దాకా టూస్ట్రోక్ బండే. ఆ ఏడాది వచ్చిన ఎక్సెల్ 100లో ఉన్నది 99.7 సీసీ ఫోర్‌స్ట్రోక్. శక్తి నాలుగు హార్స్‌పవర్ల పైచిలుకు మాత్రమే, గేర్లు లేవు, కానీ 6.5 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, నిమిషానికి 3,500 తిరుగుళ్ల దగ్గరే అందుతుంది. 2023కు ముందటి బులెట్ కూడా అంతే, దాని 28 న్యూటన్ మీటర్లు 4,000 దగ్గర దొరుకుతాయి. బరువు మోసేవాళ్లు నమ్ముకున్న ఈ రెండు బండ్లకూ కింది నుంచే లాగే గుణం ఉంది. బండి కొనేటప్పుడు హార్స్‌పవర్ అడిగేవాళ్లే అందరూ, టార్క్ ఎన్ని తిరుగుళ్ల దగ్గర వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. గుట్టకు పోయేవాడు అడగాల్సింది రెండోదే.

ఇప్పుడు లెక్క. 30 డిగ్రీల ఏటవాలు ఎక్కాలంటే మొత్తం బరువులో సగానికి సమానమైన బలం టైరు అంచు దగ్గర కావాలి. 112 కిలోల స్ప్లెండర్ మీద మన 95 కిలోల మనిషి కూర్చుంటే వెనక చక్రానికి సుమారు 305 న్యూటన్ మీటర్లు అవసరం. ఇంజను ఇచ్చేది 8. అంటే గేర్లు, చైను కలిసి దాన్ని 38 రెట్లు పెంచాలి. 65 కిలోల మనిషికైతే 33 రెట్ల లోపే చాలు. ఆ 30 కిలోల తేడానే ఒకణ్ని పైకి చేరుస్తుంది, ఇంకొకణ్ని క్లచ్ కాల్చుకునేలా చేస్తుంది. అదే మనిషి 187 కిలోల బులెట్ మీద కూర్చుంటే 16 రెట్లతో పని అయిపోతుంది. 158 కిలోల హీరో ఎక్స్‌పల్స్ 200 నాలుగు వాల్వుల బండికి 23 రెట్లు కావాలి.

లెక్క చూస్తే బులెట్టే గెలిచినట్టుంది. 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత పేరు గుర్తుచేస్తూ బులెట్ ట్రయల్స్ తెచ్చింది కూడా: పైకెత్తిన సైలెన్సర్, ఒంటి సీటు, గళ్ల టైర్లు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో అది ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికినా సరదా రైడర్‌కు నేను వద్దంటాను. గుట్ట మీద బండి పడటం ఖాయం. ఎండలో, జారుడు బండ మీద, ఒంటరిగా 187 కిలోలు లేపి నిలబెట్టడం, అందులోనూ నడుం నొప్పి వయసు దగ్గరపడ్డవాడికి, ఆటగా ఉండదు.

అందుకే నా ఓటు ఎక్స్‌పల్స్‌కు. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ 150కి ఇది వారసురాలు. ముందు 21 అంగుళాల చక్రం, నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు షాకబ్జర్లకు 190, వెనక దానికి 170 మిల్లీమీటర్ల కదలిక. ఇంపల్స్ ఇంకా తేలిక, 134 కిలోలే, కానీ 2017లో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి సామాన్లు దొరికించుకునే ఓపిక ఉండాలి. ఎక్స్‌పల్స్ లోపం టార్కే, 6,500 తిరుగుళ్ల దాకా పోతే గానీ పూర్తిగా రాదు. దీనికి మందు మెకానిక్ దగ్గరుంది. చైను తిరిగే ముందు పళ్లచక్రంలో ఒక పన్ను తగ్గించాలి. 13 పళ్ల చోట 12 పెడితే వెనక చక్రానికి చేరే బలం 8 శాతానికి పైగా పెరుగుతుంది. హైవే మీద వేగం ఆ మేరకు తగ్గుతుంది, గుట్టకు పోయేవాడికి దాంతో నష్టం లేదు.

ఇక స్ప్రింగు. బరువైన రైడర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఖాళీ బండి వెనక చక్రాన్ని నేల నుంచి పైకి లేపి, దాని ఇరుసు నుంచి సీటు కింది అంచు దాకా టేపుతో కొలవండి, చక్రాన్ని దించి మీరు హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చున్నాక ఇంకొకరితో కొలిపించండి. తేడా మొత్తం కదలికలో మూడో వంతుకు, అంటే 55 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండాలి. 80 దాటిందంటే మిగిలిన కదలిక ఒక మోస్తరు రాయికే అయిపోయి నడుముకు దెబ్బ తగులుతుంది. ప్రీలోడ్ బిగిస్తే బండి పైకి లేస్తుంది గానీ స్ప్రింగు గట్టిపడదు. ప్రీలోడ్ చివరికంటా బిగించినా దిగబడుతుంటే గట్టి స్ప్రింగు వేయించడం తప్ప దారి లేదు.

టైరు గాలి విషయంలో పోటీ రైడర్లను చూసి నేర్చుకోకూడదు. వాళ్లు ట్యూబు లేని వెనక టైరులో 4, 5 పీఎస్‌ఐ గాలితో పోతారు, టైరు మెత్తబడి రాయిని కరుచుకుంటుంది. 95 కిలోల మనిషి ట్యూబు టైరుతో అలా చేస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. 18కి దిగువకు పోవద్దు. ఎండిన గ్రానైటు మీద ఆ గాలితోనే చాలినంత పట్టు దొరుకుతుంది. పాచి పట్టిన బండ మీద ఎంత తగ్గించినా దొరకదు, వానాకాలంలో ఆ దారి మానుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ముందు చక్రాన్ని పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పి చూడండి. నడిమధ్యన టక్కున ఆగితే కోన్‌సెట్ అరిగిపోయిందని లెక్క. ఇంజను కింది ప్లేటు సొట్టలు, ఫుట్‌రెస్టు వంపు చూడండి. ఇక తిరగడానికి పంట కోసేసిన చెల్కలున్నాయి, చెల్క గలాయనను అడిగి పోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మాత్రం బండి దించకూడదు.