దీపం పెట్టని ఉగాది

2023 మార్చి 22, శోభకృత్ ఉగాది. అమ్మ లేచి తలస్నానం చేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న ఇత్తడి కుందిలో వత్తి వేసి, అగ్గిపెట్టె ఎక్కడుందో చెప్పమని నన్ను లేపింది. అప్పటికే ఆరు దాటింది.

"ఇవాళ దీపం పెట్టకూడదమ్మా."

"పండగపూట దీపం పెట్టకూడదని ఏ ఊళ్లో అంటార్రా?"

బాలిలో అంటారు. ఆ రోజు అక్కడ న్యెపి, అంటే మౌన దినం.

అమ్మానాన్నలకి అది మొదటి విదేశీ ప్రయాణం. ఉగాది సెలవుకి నాలుగు లీవులు కలిపితే వారం దొరుకుతుంది, టికెట్లూ చవగ్గా ఉన్నాయని వెనకాముందు చూడకుండా బుక్ చేసేశాను. ఎక్సెల్ షీట్‌లో రోజువారీ ప్లాన్ కూడా రాసుకున్నా. 22న నుసా పెనిడా దీవికి వెళ్లాలి. ఆ తేదీకి ఎక్కడా స్పీడ్‌బోట్ టికెట్లు చూపించకపోతే సైట్‌లో ఏదో బగ్ అనుకున్నాను. మా వృత్తి అలాంటిది మరి! బగ్ నా షీట్‌లోనే ఉందని 20వ తేదీ రాత్రి ఉబుద్‌లో మా హోటల్ కుర్రాడు చెప్పాడు.

న్యెపి ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా. నిప్పూ దీపమూ వెలిగించకూడదు, పని చేయకూడదు, బయట తిరగకూడదు, వినోదాలు ఉండకూడదు. ఈ నాలుగూ టూరిస్టులకీ వర్తిస్తాయి. హోటల్ గేటు దాటనివ్వరు. గళ్లపంచెలు కట్టుకున్న పెచలాంగ్‌లు, అంటే ఊరి కాపలావాళ్లు, వీధుల్లో తిరుగుతూ ఉంటారు. అంతర్జాతీయ విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. రేవులూ అంతే. 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్లనిస్తారు.

విషయం ఏమిటంటే, అది వాళ్ల ఉగాది కూడా. శక సంవత్సరం 1945 మొదటి రోజు. మన పంచాంగంలో శాలివాహన శకం కూడా ఆ రోజే 1945లోకి అడుగుపెట్టింది. అలాగని రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయనుకోకండి. 2024లో న్యెపి మార్చి 11న వస్తే మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 29న వాళ్లది, 30న మనది. కాబట్టి మన క్యాలెండర్ చూసి వాళ్ల పండగ లెక్కేయడం కుదరదు.

ముందురోజంతా మాకు పరుగే. దుకాణాలు తొందరగా కట్టేస్తారని నాన్న షుగర్ మాత్రలు చూసుకున్నాం, పళ్లూ బిస్కెట్లూ కొన్నాం. అమ్మకి మార్కెట్‌లో చింతపండు, తాటిబెల్లంలాంటి బెల్లం, పచ్చిమామిడికాయ దొరికాయి. వేపపువ్వు దొరకలేదు.

కానీ ఆ సాయంత్రం మాత్రం మరచిపోలేను. ప్రతి పేటలోని కుర్రాళ్లూ కలిసి తయారుచేసిన ఓగో-ఓగోలు, అంటే కోరలూ గుడ్లూ బయటపెట్టిన పెద్ద పెద్ద భూతాల బొమ్మలు, వెదురు పందిరి మీద ఎత్తుకుని ఊరేగిస్తారు. కూడళ్లలో బొమ్మని గిర్రున తిప్పుతారు, దుష్టశక్తులకి దారి తెలియకుండా పోవాలని. ఆ అరుపులూ డప్పులూ చూసి నాన్న "అచ్చం మన వినాయకుడి నిమజ్జనంలా ఉందిరా" అన్నారు. తర్వాత చాలాచోట్ల వాటిని తగలబెడతారు కూడా. ఈ ఒక్క సాయంత్రం కోసమైనా ఆ వారంలో బాలి వెళ్లొచ్చని నా అభిప్రాయం. టీనేజీ పిల్లలతో, అదీ మూడు రోజుల ట్రిప్ అయితే మాత్రం వద్దు. ఒక రోజంతా గదిలోనే పోతుంది.

ఇక 22న అమ్మ ముఖం మాడ్చుకుని కూర్చుంది. కాసేపటికి తనకే తట్టింది, ఉగాది పచ్చడికి పొయ్యి అక్కర్లేదని! చేదుకి హోటల్ వంటింట్లోంచి కాకరకాయ ముక్క తెప్పించింది. అంత చేదు పచ్చడి నేనెప్పుడూ తినలేదు. పచ్చడి తెచ్చిపెట్టమన్నందుకు హోటల్ కుర్రాడికీ ఓ గరిటెడు పెట్టబోతే, ఇవాళ ఉపవాసమని దణ్ణం పెట్టాడు. రాత్రి కర్టెన్లు వేసి, చీకట్లోనే భోజనం. తర్వాత వరండాలోకి వచ్చి తలెత్తితే ఊరంతా ఒక్క బల్బు లేదు, అమావాస్య మర్నాడు కాబట్టి చంద్రుడూ లేడు. ఆకాశం నిండా చుక్కలే. "చిన్నప్పుడు మా ఊళ్లో డాబా మీద ఇలాగే ఉండేది" అంది అమ్మ. చాలాసేపు లోపలికి రాలేదు. కుందిలో వత్తి మర్నాడు పొద్దున వెలిగించింది.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఏ దేశమైనా ముందు అక్కడి పండగలు చూసి, తర్వాతే టికెట్లు, ఆ తర్వాతే మేనేజర్‌కి లీవ్ మెయిల్. బాలికైతే రెండు క్యాలెండర్లు చూడాలి. న్యెపి చంద్రుణ్ని బట్టి వస్తుంది. గలుంగన్ మాత్రం 210 రోజులకోసారి వస్తుంది, అందుకే 2025లో ఏప్రిల్ 23న, నవంబర్ 19న రెండుసార్లు వచ్చింది, 2026లో జూన్ 17న ఒక్కసారే. ఇది పెద్దలు ఇంటికొచ్చే పండగ. పది రోజులకి కునింగన్‌నాడు వాళ్లని సాగనంపుతారు. ఆ రోజుల్లో ప్రతి ఇంటి ముందూ కొబ్బరాకులతో, వరి కంకులతో అలంకరించిన పొడవాటి వెదురు గడ కొసన వంగి వీధిలోకి వేలాడుతుంటుంది. విమానాలు మామూలుగానే తిరుగుతాయి. గుడికి వెళ్లాలంటే నడుముకి బట్ట, దాని మీద దట్టీ తప్పనిసరి. పూజ జరుగుతుంటే అర్చకుడి ముందు నిలబడి సెల్ఫీలు దిగకండి, మనవాళ్లు దిగుతుంటే నాకే సిగ్గేసింది.

మొన్న అమ్మ ఫోన్ చేసి గలుంగన్ తేదీ అడిగింది. ఈసారి వేపపువ్వు అవసరం ఉండదు కదా అని కూడా అడిగింది.