ద్రవలవణములలో ఆమ్లముల ప్రవర్తన

మనము వంటలో వాడు ఉప్పును కరగించవలెనన్న 801 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. కాని 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేటు అను లవణము సుమారు 12 డిగ్రీల వద్దనే కరగును. దానిలో నీరు లేదు, ఉన్నవన్నియు అయానులే. 100 డిగ్రీల లోపల కరగు ఇట్టి లవణములను అయానిక ద్రవములందురు.

వీనిలో ఆమ్లమును కలిపినచో ఏమగును? ముందు నీటి సంగతి చూతము. బలమైన ఆమ్లము విడుచు ప్రోటానును నీటి అణువు వెంటనే గ్రహించి హైడ్రోనియం అయానుగా మారును. అందుచే పెర్క్లోరికామ్లము, హైడ్రోక్లోరికామ్లము నీటిలో సమాన బలము కలవానివలె కనబడును. అయానిక ద్రవములో ప్రోటాను గతి ముఖ్యముగా ఋణాయానుపై ఆధారపడును. ఎసిటేటు అయాను ప్రోటానును తానే తీసికొనును. ఇక ఉత్ప్రేరకముగా పనిచేయుటకు ఆమ్లమేది? ట్రైఫ్లోరోమీథేన్ సల్ఫోనేటు అయానుకు ప్రోటానుపై అంత మక్కువ లేదు. అందువలన ప్రోటాను చర్యలో పాల్గొను అణువును సులభముగ చేరును. అయితే ద్రవమును బాగుగా ఆరబెట్టనిచో, మిగిలిన కొద్దిపాటి నీరే ప్రోటానును పట్టి ఫలితమును తారుమారు చేయగలదు.

కొన్నింటిలో ద్రవమే ఆమ్లము. అల్యూమినియం క్లోరైడును ఒక ఇమిడజోలియం క్లోరైడుతో సమాన మోలులుగ కలిపినచో తటస్థ ద్రవము వచ్చును. అల్యూమినియం క్లోరైడు పాలు అంతకు మించినచో, ఎలక్ట్రాను జంటలను ఆశించు హెప్టాక్లోరోడైఅల్యూమినేటు అయానులు పుట్టి ద్రవము ఆమ్లమగును. ఇట్టి ద్రవములో ఫ్రీడెల్–క్రాఫ్ట్స్ చర్యలు జరుగునని 1986లో అమెరికాలో జాన్ విల్క్స్ బృందము చూపెను.

దీనికి పెట్రోలు పరిశ్రమతో సంబంధము కలదు. ఐసోబ్యూటేనును బ్యూటీనులతో కలిపి మేలురకపు పెట్రోలు భాగమును చేయుటకు పలుచోట్ల హైడ్రోఫ్లోరికామ్లమును వాడుదురు. అది 20 డిగ్రీల లోపలనే మరుగు విషపదార్థము. 2019 జూన్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక శుద్ధి కర్మాగారమున ఇట్టి విభాగము పేలి, రెండు టన్నులకు పైగా ఆ ఆమ్లము బయటపడెను. 2021లో సాల్ట్ లేక్ సిటీలోని షెవ్రాన్ కర్మాగారము దానికి బదులు అయానిక ద్రవముతో పనిచేయు విభాగమును నడుపుచున్నట్లు ప్రకటించెను. ఈ ద్రవము దాదాపు ఆవిరి కాదు గనుక, కారినను విషమేఘమై వ్యాపించదు. కాని క్లోరోఅల్యూమినేటు ద్రవమునకు నీరు తగిలినచో హైడ్రోజన్ క్లోరైడు పొగలు లేచును. కావున తేమ నుండి దానిని జాగ్రత్తగా కాపాడవలెను.