పాఠాలు ఇంగ్లిష్‌లో.. బతుకు జపనీస్‌లో!

ఉదయం ఎనిమిదిన్నర. హాస్టల్ కింద పెట్టిన చెత్త సంచులన్నీ బండి ఎక్కాయి, మీది తప్ప. దానిపై ఓ స్టిక్కర్, అందులో జపనీస్‌లో ఏవో నాలుగు ముక్కలు. పక్క గది విద్యార్థి చదివి చెబితే గానీ సంగతి తెలియలేదు: కాల్చే చెత్తలో ప్లాస్టిక్ సీసాలు కలిపేశారట!

ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిగా జపాన్ వెళితే తొలి పాఠాలు ఇలాంటి చోటే మొదలవుతాయి. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు ఎంచుకుంటే క్లాసులో ఇబ్బంది ఉండదు. గేటు దాటితే మాత్రం నోటీసులు, ఫారాలు, మందుల షాపు.. అన్నీ జపనీస్‌లోనే. ఆ ఆర్నెల్లో, ఏడాదో మీకు ఎంత ఉపయోగపడుతుందన్నది గేటు బయట ఎలా ఉన్నారనే దానిపైనే ఆధారపడుతుంది.

మొదటి 14 రోజులు

మూడు నెలలకు మించి ఉండే విద్యార్థులకు నరితా, హనేదా, కన్సాయ్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే ‘జైర్యూ కార్డు’ ఇస్తారు. అక్కడ ఇదే మీ గుర్తింపు కార్డు, ఎప్పుడూ జేబులో ఉండాలి. బస కుదిరాక 14 రోజుల్లోపు స్థానిక మున్సిపల్ ఆఫీసుకెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. జాతీయ ఆరోగ్య బీమాలోనూ అక్కడే చేరాలి. బీమా ఉంటే సాధారణంగా ఆస్పత్రి బిల్లులో 30 శాతం మీరు కడితే చాలు. ‘తర్వాత చూద్దాంలే’ అనుకుంటే బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు లాంటి పనులన్నీ వెనకబడతాయి.

చెత్తకూ ఓ క్యాలెండర్

ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో ఊరూరికీ వేరే పట్టిక ఉంటుంది. సీసాకు మూత, లేబుల్ తీసి, కడిగి విడిగా పెట్టాలి. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. రాత్రిపూట గదిలో గట్టిగా పాటలు పెడితే పక్కవాళ్లు మీతో అనకపోవచ్చు, ఫిర్యాదు నేరుగా మేనేజర్‌కే వెళ్లొచ్చు. తెలియకపోతే ముందే ‘సుమిమాసెన్’ (ఏమండీ, క్షమించండి) అని అడిగేయండి. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

తిండి సంగతి

శాకాహారులకు కాస్త కష్టమే. కూరగాయల సూప్‌లా కనిపించే దాంట్లోనూ చేపతో కాచిన ‘దాషి’ ఉండొచ్చు. అందుకే వంట వచ్చి ఉండాలి. అక్కడి బియ్యం ముద్దగా ఉంటుంది, పెరుగు మాత్రం సూపర్ మార్కెట్‌లో దొరుకుతుంది కాబట్టి పెరుగన్నానికి ఢోకా లేదు. టోక్యోలో ఉంటే భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో పప్పులు, మసాలాలు దొరుకుతాయి. అక్కడ రాత్రి పది అంటే మనకు సాయంత్రం ఆరున్నర. అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ వంట చేసుకోవచ్చు.

28 గంటల గీత

రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటే మామూలుగా ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు. అద్దె, తిండి, ప్రయాణం ఖర్చులు మాత్రం మీవే. అక్కడి యూనివర్సిటీ ద్వారా జాసో స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే నెలకు 80,000 యెన్లు అందుతాయి. ఇది అందరికీ రాదు.

అందుకే చాలామంది చూపు ‘అరుబైతో’ (పార్ట్‌టైమ్ పని) మీద పడుతుంది. దానికి ఇమ్మిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 28 గంటలు మించకూడదు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపే లెక్క. యూనివర్సిటీ ఇచ్చే పొడవాటి సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. బార్లు, పచింకో జూద కేంద్రాల్లో పని నిషిద్ధం. ‘ఇంకో నాలుగు గంటలేగా’ అని గీత దాటితే వీసాకే ఎసరు. రేపు ఉద్యోగం కోసం మళ్లీ జపాన్ వెళ్లాలన్నా ఆ మచ్చ అడ్డొస్తుంది.

వెళ్లే ముందు..

- హిరగానా, కతకానా ఇక్కడే నేర్చుకోండి. ఒక్కోదాంట్లో ప్రాథమిక అక్షరాలు 46. రోజుకు ఐదు చొప్పున నేర్చుకున్నా మూడు వారాల్లో రెండూ వచ్చేస్తాయి.
- అక్కడ చదివే కోర్సుల క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయా? కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.
- మొదటి నెల ఖర్చులకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి. స్కాలర్‌షిప్, జీతం వచ్చిన రోజునే అందవు.
- జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలు. ఎన్5 సులువు, ఎన్1 కఠినం. ఎన్5తో మొదలుపెట్టండి.

తిరిగొచ్చాక..

మనవాళ్లతోనే తిరిగి, మనవాళ్లతోనే తిని వచ్చేస్తే రెజ్యుమెలో ఓ లైను చేరుతుందంతే. అదే కాలేజీ ‘సర్కిల్’ (విద్యార్థి క్లబ్)లో చేరి, దుకాణంలో తడబడుతూనైనా జపనీస్ మాట్లాడితే లెక్క వేరు. ‘కొత్తచోట ఎలా సర్దుకుంటారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే బట్టీపట్టిన జవాబు వెతుక్కోనక్కర్లేదు. వెనక్కొచ్చిన ఆ చెత్త సంచి గురించి చెప్పండి. ఆ తర్వాతి వారం దాన్ని ఎలా సరిగ్గా పెట్టారో కూడా చెప్పండి.