హీరోగారి జీపు ఎంత ఎత్తు?

దుమ్ము లేస్తుంది. టైరు క్లోజప్ పడుతుంది. బ్రేకు కీచుమంటుంది. డోరు లేని పక్కనుంచి బూటుకాలు ఒకటి కిందికి దిగుతుంది... అంతే! నేల క్లాసు నుంచి కాగితాలు పైకి లేస్తాయి. 1981లో ‘కొండవీటి సింహం’, 1989లో ‘అంకుశం’, 1990లో ‘కర్తవ్యం’... ఖాకీ కథ అన్నాక జీపు లేనిదే హీరోకైనా, హీరోయిన్‌కైనా నిండుదనం రాదు కదా! కథలు మారాయి, హీరోలు మారారు. జీపు మోజు మాత్రం కుర్రకారుని వదల్లేదు.

ఆ మోజులోంచే ఒక ప్రశ్న పుడుతోంది. “పాత జీపు ఒకటి కొన్నామండీ. దాన్ని బాగా పైకి లేపి, లావుపాటి టైర్లు వేయించాలి. ఎంతవరకూ లేపొచ్చు?” నా దగ్గర ఓ పాత మహీంద్రా జీపు ఉన్న పాపానికి ఈ ప్రశ్న నాకు తరచు ఎదురవుతూ ఉంటుంది. తాజాగా అడిగినవాడు మా మేనల్లుడు. 2021లో వచ్చిన ‘పుష్ప’ షూటింగు జరిగిన మారేడుమిల్లి అడవులంటే వాడికి ప్రాణం. నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని ఆ ఘాట్ రోడ్డు మీద తన జీపులో వెళ్లాలని వాడి కోరిక. “నాలుగంగుళాలు లేపిస్తాను మావయ్యా! ముప్ఫై ఒకటి సైజు టైర్లు వేస్తే చూడాలి దాని దర్జా!” అన్నాడు. దర్జా సంగతి సరే, వెనక సీట్లో కూర్చునే ఆ నలుగురి సంగతేమిటి? అందుకే వాణ్ణి విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్లాను.

కమాను కట్ట కథ

జీపు పుట్టింది సినిమా కోసం కాదు, యుద్ధం కోసం. 1941లో విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యానికి చేసిచ్చిన బండి అది. దాని వంశంలోదే మన రోడ్లమీద తిరిగిన సీజే-3బీ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కేవలం 80 అంగుళాలు! నాలుగు వైపులా కమాను కట్టలే. అంటే విల్లులా వంచిన ఉక్కు బద్దల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన కట్టలన్నమాట.

ఈ కట్ట పని బరువు మొయ్యడం. గుంటలో పడ్డాక బండి ఎగురుతూనే ఉండకుండా ఆపేది షాకబ్జార్బరు. ఈ రెండు పనులూ వేరని తెలియకే చాలామంది డబ్బు వదిలించుకుంటారు. బండి ఎగురుతోందని కట్టకి ఇంకో రెండు బద్దలు చేర్పిస్తారు. సరుకు మోసే లారీకి అది సరిపోతుందేమో గాని, ఖాళీగా తిరిగే జీపు రాయిలా బిగుసుకుపోతుంది. గతుకు తగిలినప్పుడల్లా చక్రం నేల వదిలేస్తుంది. నేలకి ఆనని చక్రానికి పట్టు ఎక్కడిది? బ్రేకు ఎక్కడిది?

మేస్త్రిగారు మా వాడి జీపు బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలారు. అది నాలుగైదుసార్లు ఊగింది. “చూశావా బాబూ, షాకబ్జార్బర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. మంచివైతే ఒకసారి లేచి కుదురుకోవాలి” అన్నారు. తర్వాత కిందికి దూరి చూపించారు. బుష్‌లు అరిగి షాకిల్ పిన్నులు లొడలొడలాడుతున్నాయి. కట్టలు వంపు పోయి చాపలా పరుచుకున్నాయి. “దీన్ని లేపడం కాదు, ముందు పడిపోయినదాన్ని నిలబెట్టాలి!”

నిలబెట్టారు కూడా. అసలు వంపుతో ఉన్న కొత్త కట్టలు, కొత్త బుష్‌లు, పిన్నులు, యూ బోల్టులు, కంపెనీ కొలతకు సరిపోయే షాకబ్జార్బర్లు... ఇవే వేశారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది, రాసిపెట్టుకోండి. షాకిల్ బోల్టుల్ని బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. చక్రాలు నేలకి దించి, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్ మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి.

కిందికి దించి చూస్తే జీపు రెండు వేళ్ల ఎత్తు పెరిగింది! “లేచింది మావయ్యా!” అని మా వాడు కేక పెట్టాడు. లేవడం కాదురా అబ్బాయ్, అది పుట్టిన నాటి ఎత్తే అది.

ముప్ఫై ఒకటి లెక్క

ఇక టైర్ల సంగతి. పాత జీపుకి వచ్చే 6.00-16 టైరు నిలువు కొలత సుమారు 28 అంగుళాలు. దాని బదులు 31 అంగుళాల టైరు వేస్తే నేలకీ యాక్సిల్‌కీ మధ్య పెరిగే ఎత్తు మూడంగుళాలు కాదు, అందులో సగం, ఒకటిన్నర అంగుళం మాత్రమే. ఆ కాస్త ఎత్తుకీ చెల్లించే మూల్యం వినండి. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే మీరు నిజంగా 66 మీద పోతుంటారు. ఒక్కో చుట్టుకీ చక్రం ఎక్కువ దూరం దొర్లుతుంది కాబట్టి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడుతుంది. దిగేటప్పుడు ఆ బరువు చక్రాన్ని ఆపడానికి పాత డ్రమ్ము బ్రేకులు మరింత కష్టపడాలి. పవర్ స్టీరింగ్ లేని బండి అయితే మీ భుజాల పని కూడా అయినట్టే! కింగ్ పిన్ బేరింగులు అరిగి ఉంటే గతుకు తగలగానే స్టీరింగు చేతుల్లో గిలగిల్లాడుతుంది.

లావు టైరైతే బురదలో దూసుకుపోతుందని ఒక నమ్మకం. ఇసుకలో అయితే వెడల్పు టైరు తేలుతుంది, నిజమే. కాని పైన మెత్తగా, అడుగున గట్టిగా ఉండే బురదలో సన్నటి టైరే బురదని కోసుకుని గట్టి నేలని అందుకుంటుంది. సైనికుల జీపుకి సన్నటి టైరు ఉందని చిన్నచూపు చూడకండి!

మా వాడికి చివరికి ఒప్పించింది పాత కొలతకి దగ్గరగా ఉన్న రేడియల్ టైర్లకి. తారు రోడ్డుకీ మట్టిబాటకీ రెంటికీ పనికొచ్చే గళ్లు. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు వెనక చక్రాలు కలిసి తిరగాలి. సైజుల్లో తేడా ఉంటే గేర్ల పెట్టె లోలోపల నలిగిపోతుంది. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకూడదనడానికీ కారణం ఇదే. టైరు కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గళ్లు నిగనిగలాడుతున్నా ఏళ్ల తరబడి గొడౌన్లో పడున్న టైరు మనకొద్దు.

గడ్డిబండి ఎందుకు తిరగబడుతుంది?

“మరి నాలుగంగుళాలు లేపితే ఏమవుతుంది?” మా వాడు ఇంకా వదల్లేదు. పొలం నుంచి వచ్చే గడ్డిబండిని చూశారా? చక్రాల మధ్య వెడల్పు అంతే ఉండి, బరువు పైకి పెరిగేకొద్దీ అది ఎంత మెల్లగా మలుపు తిరుగుతుందో! జీపుదీ అదే లెక్క. 1980 డిసెంబరులో అమెరికాలో ‘60 మినిట్స్’ అనే టీవీ కార్యక్రమం సీజే-5 జీపు మలుపుల్లో ఎలా బోల్తా పడుతుందో చూపించి పెద్ద దుమారం లేపింది. ఆ పరీక్షలు చేసిన తీరు మీద తర్వాత వాదాలు జరిగాయి, అది వేరే విషయం. గమనించాల్సింది ఏమిటంటే, అది నాలుగంగుళాలు లేపిన జీపు కాదు!

పైగా కట్ట ఎత్తు పెంచితే దానితోపాటు మారాల్సినవి చాలా ఉన్నాయి. షాకబ్జార్బరు పొడవు చాలదు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు దెబ్బతింటాయి. చక్రం గుంటలోకి వేలాడితే బ్రేకు హోసు తీగలా సాగుతుంది. అది తెగితే? 1980లో వచ్చిన ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’ చిత్రంలో బ్రేకుల్లేని ల్యాండ్ రోవర్ చేసే అల్లరికి హాలంతా నవ్వుతుంది. మారేడుమిల్లి మలుపులో అదే జరిగితే నవ్వేవాడు ఉండడు.

చట్టం కూడా ఉంది సుమండీ. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. టైరు సైజుల మాటకొస్తే కంపెనీ ఆ మోడలుకి అనుమతించినవేవో కనుక్కుని, వాటిలోనే ఎంచుకోవడం మంచిది.

కాబట్టి పాత జీపు కొన్న మిత్రులారా, డబ్బు ఖర్చు పెట్టే వరస ఇదీ: ముందు బ్రేకులు, స్టీరింగు. తర్వాత బుష్‌లు, పిన్నులు, షాకబ్జార్బర్లు. ఆ తర్వాత కమాను కట్టలు. టైర్లు చిట్టచివర. ఈ వరసలో వెళితే చివరికొచ్చేసరికి బండి లేపాలన్న కోరిక సగం చల్లారుతుంది. ఎందుకంటే అప్పటికే అది చెప్పిన మాట వింటూ, గీసిన గీత మీద నడుస్తూ ఉంటుంది. మీ జీపు ఎత్తు చూసి ఈల వేసేవాడు రోడ్డు పక్కనే ఉండిపోతాడు. మలుపులో మీతో ఉండేది మాత్రం వెనక సీట్లోని మీ స్నేహితులే!